రెండు స్టెర్న్‌డ్రైవ్‌ల అలైన్‌మెంట్: టై బార్ మీద పానా పెట్టే ముందు

పీలేరు తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. కువైట్‌లో ఫహాహీల్ దగ్గర వాళ్ల కఫీల్‌కు (పనికి పెట్టుకున్న యజమానికి) 38 అడుగుల స్పీడ్ బోటు ఉంది. వెనక రెండు మెర్‌క్రూయిజర్ బ్రావో వన్ స్టెర్న్‌డ్రైవ్‌లు, అంటే ఇంజన్లు బోటు లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్‌లు వెనక బయట. పోయిన సీజన్ చివర్లో కుడి డ్రైవ్ రాయికి తగిలి పగిలితే, మొత్తం తీసేసి సెకండ్ హ్యాండ్‌ది బిగించారు. అప్పటినుంచి 50 మైళ్ల వేగం దాటితే బోటు కుడికి లాగుతోంది, స్టీరింగ్ వణుకుతోంది, టాప్ స్పీడు తగ్గింది. స్టీరింగ్ బాగా తిప్పితే వెనక గర్రుమని మోత. రెండు డ్రైవ్‌లనూ కలిపి పట్టి ఉంచే కడ్డీని టై బార్ అంటారు. యార్డులో ఒకాయన "టై బార్ రెండు చుట్లు పొట్టి చెయ్, అదే సర్దుకుంటుంది" అన్నాడట. "టో-ఇన్ ఎంత పెట్టాలి అన్నా?" అని ప్రశ్న. టో అంటే రెండు డ్రైవ్‌ల మధ్య ముందు దూరానికీ వెనక దూరానికీ ఉండే తేడా; ముందు దగ్గరగా ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-ఔట్.

తమ్ముడూ, ముందు ఆ పానా కింద పెట్టు. టో ఎంత అన్నది ఈ పనిలో ఆఖరున వచ్చే ప్రశ్న. నీ బోటుకు ఒక్క జబ్బు కాదు, రెండో మూడో కలిసి ఉన్నాయని నా అనుమానం. వాటిని విడదీయకుండా టై బార్ తిప్పితే ఒకటి తగ్గినట్టు అనిపించి ఇంకొకటి ముదురుతుంది.

నా గురించి రెండు ముక్కలు. కువైట్‌లో బోటు యార్డుల్లో చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు తిరుపతిలో రేణిగుంట రోడ్డులో జనరేటర్లు, డీజిల్ పంపులు చూసుకుంటున్నాను. తిరుపతిలో బోటు మెకానిక్కా అని నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉంటారు. నిజమే, జిల్లాలో చెప్పుకోదగ్గ నీళ్లంటే పులికాట్. అక్కడ చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు, నీ బోటు దింపితే ప్రొపెల్లర్లు బురద దున్నుతాయి. కానీ పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపునుంచి కువైట్ వెళ్లి మెరీనాల్లో పని నేర్చుకుంటున్న పిల్లలు ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఎక్కువమంది ముందు కార్ల షెడ్లలో పనిచేసినవాళ్లు. అందుకే అందరూ అడిగేది ఒకటే: టో ఎంత?

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. తిరుమల ఘాట్ ఎక్కి దిగే టాక్సీలకు ఇక్కడ వీల్ అలైన్‌మెంట్ చేస్తారు కదా, కంప్యూటర్‌లో బండి మోడల్ కొడితే టో నంబర్ వస్తుంది, దానికి తెచ్చి బిగిస్తే అయిపోయింది. కారు చక్రానికి కింద గట్టి రోడ్డు ఉంటుంది, నంబర్‌కు అర్థం ఉంటుంది. బోటులో షెడ్డులో స్టాండ్ మీద కొలిచింది వేరు, 60 మైళ్ల మీద నీళ్లలో డ్రైవ్‌లు నిలబడే తీరు వేరు. జాయింట్లలో ఉన్న లూజు అంతా ప్రొపెల్లర్ల తోపుడుకు ఒకవైపు జరిగిపోతుంది. మనకు కావలసింది ఆ జరిగిన తర్వాతి లెక్క.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మెరీనాలో అలైన్‌మెంట్ అని ఒకే మాట వాడతారు కానీ పనులు రెండు. ఇంజన్‌ను డ్రైవ్‌కు సూటిగా పెట్టడం ఒకటి, రెండు డ్రైవ్‌లను ఒకదానికొకటి సూటిగా పెట్టడం ఇంకొకటి. నువ్వు చెప్పిన గర్రుమనే మోత మొదటిదానికి సంబంధించింది. కుడికి లాగడం రెండోదానికి, లేదా అసలు ఈ రెండింటికీ సంబంధం లేని దేనికైనా.

ముందుగా, మార్చిన డ్రైవ్ పాతదానికి జోడీయేనా? సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి అడుగుతున్నా. బ్రావో వన్‌లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ గేర్ రేషియోలు (ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు ఇన్‌పుట్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 1.36, 1.50, 1.65 ఇలా వేరువేరుగా వస్తాయి. డ్రైవ్ ఎలాగూ విప్పి దించాలి కాబట్టి, దించాక ఫార్వర్డ్ గేరులో పెట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ మీద సుద్దగీత గీసి సరిగ్గా మూడు చుట్లు తిప్పు. ప్రొపెల్లర్ షాఫ్ట్ సరిగ్గా రెండు చుట్లు తిరిగితే 1.50. రెండు దాటి ఇంకో అయిదో వంతు తిరిగితే 1.36. రెండో చుట్టు పూర్తి కాకముందే ఆగితే 1.65 లేదా ఇంకా పైది. ఎడమదీ ఇలాగే చూడు. రెండూ కలవకపోతే ఒకే ఆర్‌పీఎంలో ఒక ప్రొపెల్లర్ ఎక్కువ తిరుగుతుంది, బోటు లాగక ఏం చేస్తుంది? అప్పుడు టై బార్ ఎంత తిప్పినా దండగే.

ప్రొపెల్లర్ల పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు పోయే లెక్క) కూడా చూడు, నడిమి హబ్ మీద కొట్టి ఉంటుంది. ఒకటి కుడిచేతిది, ఒకటి ఎడమచేతిది ఉండి, పిచ్, సైజు ఒకటే కావాలి. రాయికి తగిలిన రోజు కుడి ప్రొపెల్లర్ కూడా దెబ్బతిని, ఉన్నదేదో తగిలించారేమో. బ్రావోలో ఇంకో తిరకాసు ఉంది. గేర్ కేబుల్ అమరికను బట్టి ఒకే డ్రైవ్ ఎటైనా తిరగగలదు. అందువల్ల కొత్త డ్రైవ్ పెట్టినప్పుడు ప్రొపెల్లర్లు ఇదివరకటిలాగే తిరుగుతున్నాయా అన్నది నిర్ధారించుకో. వెనక నిలబడి చూస్తే కుడిది గడియారం ముల్లులా, ఎడమది దానికి ఎదురుగా తిరిగితే బయటికి తిరుగుడు అంటాం. స్పీడ్ బోట్లలో ఎక్కువగా ఇదే. ఈ సంగతి గుర్తుపెట్టుకో, కింద చాలా అవసరం పడుతుంది.

ట్రిమ్ ట్యాబ్‌లు (బోటు వెనక అంచు కింద ఎత్తే దించే పలకలు) రెండూ పూర్తిగా పైకెత్తి, పొడవాటి ఇనుప స్కేలు బోటు అడుగుకు ఆనించి చూడు. గేజీలో రెండూ సున్నా చూపిస్తున్నాయి కదా అని నమ్మొద్దు. ఒక ట్యాబ్ కొద్దిగా కిందికి దిగి ఉన్నా ఆ వేగంలో బోటు పక్కకు లాగుతుంది. పెట్రోల్ ట్యాంకులు ఒకవైపు నిండుగా, ఒకవైపు ఖాళీగా ఉన్నా అంతే. ఇవి చూడ్డానికి పైసా ఖర్చు లేదు, అందుకే ముందు.

ఇక లూజు సంగతి. నా దృష్టిలో సగం బోట్లలో రోగం ఇక్కడే ఉంటుంది. బోటు స్టాండ్ల మీద గట్టిగా ఉండాలి. పని మొదలుపెట్టే ముందు ఇంజన్ హ్యాచ్ తెరిచి బ్లోయర్ కాసేపు ఆడించు, పెట్రోల్ ఆవిరి పోవాలి. తర్వాత డ్రైవ్‌లు నడిచేటప్పుడు ఉండే ఎత్తుకు దించి, బ్యాటరీ తీసెయ్, ప్రొపెల్లర్లు తీసెయ్. ఒకరు ఒక డ్రైవ్ గేర్‌కేస్ (ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) వెనక భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా కుదపాలి. ఇంకొకరు ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టి చూడాలి. వేలు ఎలా పెట్టాలంటే, కలిసే రెండు భాగాల మీదా సగం సగం పడేలా. కంటికి కనపడని కదలిక వేలికి టక్కుమని తెలుస్తుంది. టై బార్ చివరి బాల్ జాయింట్లు, స్టీరింగ్ సిలిండర్ పిన్నులు, తర్వాత గింబల్ రింగ్ (డ్రైవ్‌ను పట్టుకుని కుడి ఎడమలకు తిప్పే చట్రం) పైన స్టీరింగ్ షాఫ్ట్ దిగే చోటు, అటుపైన డ్రైవ్ పైకీ కిందికీ ఊగే హింజ్ పిన్నుల బుష్‌లు. ఈ వరసలో చూడు.

గింబల్ రింగ్ పై షాఫ్ట్ దగ్గర లూజు ఉంటే చాలామంది దాన్ని వదిలేస్తారు, విప్పడం పెద్ద పని కాబట్టి. వదిలేస్తే ఏమవుతుందో చూడు: ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర అటూఇటూ కలిపి 6 మిల్లీమీటర్లు ఆడుతోందనుకో, నువ్వు 3 మిల్లీమీటర్ల టో పెట్టానని చెప్పుకోవడంలో అర్థమేముంది? స్టీరింగ్ వణుకు కూడా ఎక్కువగా ఇక్కడినుంచే. అరిగినవి మార్చు. కఫీల్ ఖర్చు అంటే, లూజు డ్రైవ్‌తో 60 మైళ్ల మీద పోయే బోటులో ఆయన పిల్లలు కూడా కూర్చుంటారని చెప్పు.

ఇప్పుడు మోత. డ్రైవ్ దించాక గింబల్ బేరింగ్‌లో (ఇంజన్‌కు వెళ్లే షాఫ్ట్‌ను మోసే బేరింగ్) వేలు పెట్టి మెల్లగా తిప్పు. నూనెలో తిరిగినట్టు మెత్తగా తిరగాలి. ఇసుక నలిగినట్టు ఉంటే బేరింగ్ పోయింది. బెలోస్ (షాఫ్ట్ దగ్గరికి నీళ్లు రాకుండా ఉండే రబ్బరు తొడుగు) మడతలు ఒక్కొక్కటీ విప్పి, టార్చి వేసి చూడు. గల్ఫ్ ఎండకు రబ్బరు మడతల లోపలే చీలుతుంది, బయటికి కొత్తదానిలా ఉంటుంది. నీళ్లు పోయిన ఆనవాలు తుప్పు రంగులో కనిపిస్తుంది. యూ-జాయింట్లు (షాఫ్ట్ వంగి తిరగడానికి ఉండే జాయింట్లు) కూడా చేత్తో అన్నివైపులా మడిచి చూడు. ఎక్కడైనా పట్టేస్తే అది కూడా మార్చాల్సిందే. మామూలుగా గింబల్ బేరింగ్ గర్రుమంటుంది, యూ-జాయింట్ టకటకమంటుంది. నువ్వు చెప్పిన లక్షణం మొదటిదానిలా ఉంది.

బేరింగ్ మార్చినా మార్చకపోయినా, డ్రైవ్ దించాక అలైన్‌మెంట్ బార్ పెట్టి చూడకుండా తిరిగి ఎక్కించొద్దు. రాయి దెబ్బ తిన్న బోటు కాబట్టి ఎడమదానికీ, కుడిదానికీ రెండింటికీ చూడు. బార్ అంటే కంపెనీ కొలతకు చేసిన ఉక్కు కడ్డీ, గింబల్ బేరింగ్ గుండా వెళ్లి ఇంజన్ కప్లర్ (డ్రైవ్ షాఫ్ట్ ఇంజన్‌కు తగులుకునే గూడు) పళ్లలో కూర్చుంటుంది. కువైట్‌లో షువైఖ్ దగ్గర లేత్ మీద చేయించిన బార్లు చాలా తిరుగుతుంటాయి. కొలత వెంట్రుకవాసి తక్కువైనా అది ఎప్పుడూ "అలైన్‌మెంట్ బాగుంది" అనే చెబుతుంది. అసలుది అద్దెకు దొరుకుతుంది, అదే తెచ్చుకో.

పద్ధతి ఇదీ. బార్ కొసకు పలచగా గ్రీజు రాయి, ఒక పొర చాలు. బేరింగ్ గుండా మెల్లగా దూర్చు. సుత్తి ముట్టుకోవద్దు. అరచేత్తో నెట్టితే కప్లర్ పళ్లలోకి పూర్తిగా వెళ్లి, రెండు వేళ్లతో లాగితే బయటికి రావాలి. వెళ్లకపోతే ముందు బేరింగ్ తన గూటిలో వంకరగా కూర్చుందేమో చూడు. అది కొద్దిగా ఎటైనా తిరిగేలా చేసిన బేరింగ్, బార్ బయటి కొసను మెల్లగా అటూఇటూ కదిపితే దారికొస్తుంది. అప్పటికీ వెళ్లకపోతే ఇంజన్ ఎత్తు తేడా.

బార్ బయటికి తీశాక గ్రీజును వెలుతురులో పట్టుకుని చూడు. పళ్ల అచ్చు చుట్టూ ఒకేలా పడి ఉంటే బాగున్నట్టు. పైన మాత్రమే గ్రీజు తుడుచుకుపోయి కింద అలాగే ఉంటే, లేదా దానికి తలకిందులుగా ఉంటే, ఇంజన్ ముందు భాగం ఎత్తు సరిచేయాలి. ముందు మౌంట్లు (ఇంజన్‌ను మోసే కాళ్లు) రెండింటి లాక్ నట్లు వదులు చేసి, రెండువైపులా ఒకే లెక్కన, ఒకసారికి పావు చుట్టు మించకుండా తిప్పు. గ్రీజు మళ్లీ కొత్తగా రాసి మళ్లీ దూర్చు. అచ్చు బాగుపడిందా, ఇంకా చెడిందా అన్నదాన్ని బట్టి దిశ తెలిసిపోతుంది. ఒకవైపు మౌంట్ మాత్రమే తిప్పితే ఇంజన్ పక్కకు ఒరుగుతుంది, అది చేయొద్దు. వెనక మౌంట్లు ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) లోపలి ప్లేటు మీద స్థిరంగా ఉంటాయి, వాటితో సర్దుబాటు ఉండదు. అచ్చు కుడిపక్కనో ఎడమపక్కనో మాత్రమే పడుతుంటే ముందు మౌంట్ల ఎత్తుతో తీరదు. వెనక మౌంట్ల రబ్బరు నలిగిందా, రాయి దెబ్బకు ట్రాన్సమ్ ప్లేటు దగ్గర ఏదైనా కదిలిందా అన్నది వెతకాలి.

అచ్చు బాగా పడ్డాక ఇంజన్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ బార్ పెట్టు. అలా నాలుగు పావులూ చూడాలి. ఒక పావులో బాగుండి ఇంకో పావులో పట్టేస్తే కప్లర్ వంగిందనో, సరిగా కూర్చోలేదనో అర్థం. మౌంట్లు తిప్పి దాన్ని సరిచేయలేవు. అంతా అయ్యాక లాక్ నట్లు బిగించి, బిగించిన తర్వాత ఇంకోసారి చూడు. బిగింపులోనే ఎత్తు జరగడం చాలా మామూలు.

నీ బోటు సన్నని వీ అడుగుది. ఇంజన్లు పక్కపక్కన కాకుండా ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి ఉంటే, ముందు ఇంజన్‌కూ డ్రైవ్‌కూ మధ్య పొడుగు షాఫ్ట్ ఉంటుంది. దానికి ఈ బార్ పద్ధతి వర్తించదు. రెండు చివర్లా యూ-జాయింట్ల వంపు కొద్దిగా ఉండాలి, రెండు చోట్లా సమానంగా ఉండాలి. మాన్యువల్‌లో వేరే పరికరం, వేరే లెక్క చెబుతారు. దాని జోలికి మాన్యువల్ లేకుండా పోవద్దు.

డ్రైవ్ తిరిగి ఎక్కించేటప్పుడు పళ్లకు కప్లర్ గ్రీజు, కొత్త సీళ్లు. ఆరు నట్లు ఒకేసారి కాకుండా మెల్లమెల్లగా, మధ్యవాటినుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా బిగించి, చివర్లో 68 న్యూటన్ మీటర్లు, అంటే 50 అడుగు-పౌండ్ల టార్క్.

ఇక్కడికి వచ్చాక ఎత్తు, ట్రిమ్ (డ్రైవ్ పైకీ కిందికీ వంగే కోణం). బోటు అడుగునుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్యకు ఎత్తు రెండు డ్రైవ్‌లకూ ఒకటే ఉండాలి. సెకండ్ హ్యాండ్ డ్రైవ్‌కు కింది భాగం వేరే రకం తగిలించి ఉంటే తేడా ఇక్కడ బయటపడుతుంది. తర్వాత డిజిటల్ లెవెల్‌ను రెండు షాఫ్ట్‌ల మీదా పెట్టి, ట్రిమ్ బటన్‌తో కోణం ఒకటి చెయ్. అప్పుడు గేజీలు చూడు. గేజీలు వేరువేరు చూపిస్తే సెండర్లు (గేజీకి కోణం పంపే సెన్సర్లు) సర్దాలి. ఎందుకంటే నడిపేవాడు గేజీ చూసే నడుపుతాడు. గేజీలో సమానంగా ఉండి నిజంగా ఒక డ్రైవ్ పైకి ఉంటే, నువ్వు మిగతా పనంతా చేసినా బోటు లాగుతుంది. టై బార్ బయట డ్రైవ్‌లకే బిగించి ఉంటే, ఒకదాన్ని ఎత్తి ఒకదాన్ని దించితే బార్ వంకరపడి టో కూడా మారుతుంది. అలాంటి బోటులో రెండూ కలిపి ట్రిమ్ చేయాలని కఫీల్‌కు చెప్పాలి.

ఇక నువ్వు అడిగిన టో. చాలామంది గేర్‌కేస్ ముందు ముక్కుల మధ్య ఒక కొలత, వెనక షాఫ్ట్ కొసల మధ్య ఒక కొలత తీసి తేడా చూస్తారు. కొత్త డ్రైవ్‌లకు ఫరవాలేదు. రాళ్లకు తగిలి, పుట్టీ పెట్టి రంగేసిన ముక్కు నుంచి కొలిస్తే అది పుట్టీ కొలతే అవుతుంది. నేను ఇష్టపడే పద్ధతి వేరు. షాఫ్ట్ మీద బిగుతుగా కూర్చునేలా రెండు అల్యూమినియం పైపులు చేయించుకో, మీటరుకు కొంచెం తక్కువ పొడవు. రెండు షాఫ్ట్‌లకూ వాటిని తొడిగి, ఒక్కోదాని మీద 60 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టు. బోటువైపు గీతల మధ్య దూరం ముందు కొలత, అవతలి గీతల మధ్య దూరం వెనక కొలత. పైపు కాస్త వంకరగా ఉందేమో అన్న అనుమానం తీరడానికి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌లను అర చుట్టు తిప్పి మళ్లీ కొలిచి రెండింటి సగటు తీసుకో. టేపు పట్టుకునే ఇద్దరూ రెండుసార్లూ అదే అంచునుంచి చదవాలి. ఇది చిన్న మాటలా ఉంటుంది కానీ, ఒకడు లోపలి అంచు, ఒకడు బయటి అంచు చదివి గొడవపడటం నేను చాలా చూశాను.

కొలిచే ముందు లూజు అంతా పనిచేసే వైపుకు నెట్టాలి. బయటికి తిరిగే ప్రొపెల్లర్లు అన్నాం కదా. కుడిచేతి ప్రొపెల్లర్‌కు కింది రెక్కలు నీళ్లను ఎక్కువ పట్టుకుంటాయి, ఆ తోపుడు డ్రైవ్ వెనక భాగాన్ని కుడికి నెడుతుంది. ఎడమచేతిది ఎడమకు. అంటే నీ బోటులో నడిచేటప్పుడు రెండు డ్రైవ్‌ల వెనక భాగాలూ ఒకదానికొకటి దూరం జరగాలని చూస్తాయి, టై బార్ వాటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి రెండు గేర్‌కేస్‌ల మధ్య ఒక చెక్క, ఒక చిన్న జాకీ పెట్టి, లూజు పోయేంతవరకే మెత్తగా విడదీసి, అలాగే ఉంచి కొలువు. జాకీతో అల్యూమినియం భాగాలను వంచేంత బలం పెట్టొద్దు, చేత్తో తిప్పితే చాలు. ప్రొపెల్లర్లు లోపలికి తిరిగే బోటైతే దీనికి ఎదురు, దగ్గరికి లాగి పట్టి కొలవాలి. లూజు వదిలేసి ఒకసారి, నెట్టి పట్టి ఒకసారి, రెండు కొలతలూ రాసుకో. వాటి మధ్య తేడా ఎక్కువ ఉంటే మళ్లీ జాయింట్ల దగ్గరికి పో.

ఏ కొలతకు తేవాలి? బోటు చేసినవాళ్లు నంబర్ ఇచ్చి ఉంటే అదే. ఇవ్వకపోతే, నెట్టి పట్టిన స్థితిలో ముందు కొలత, వెనక కొలత సమానం, అంటే రెండు షాఫ్ట్‌లూ సమాంతరం. అక్కడినుంచి నీళ్లలో పరీక్ష చేసుకుంటూ పోవాలి. టో-ఇన్ పెడితే స్పీడు వస్తుందని ఒకడు, టో-ఔట్ పెడితే వస్తుందని ఇంకొకడు చెబుతారు, ఇద్దరూ తమ తమ బోట్ల విషయంలో నిజమే చెబుతుండొచ్చు. వీ అడుగు కింద నీళ్లు డ్రైవ్‌ల దగ్గరికి వచ్చే కోణం ఒక్కో బోటుకు ఒక్కోలా ఉంటుంది, పక్కవాడి నంబర్ నీకు పనికిరాదు.

ఇప్పుడు ఆ "రెండు చుట్లు" లెక్క వేసి చూపిస్తాను, నీకే అర్థమవుతుంది. టై బార్ పొడవు మారితే టో ఎంత మారుతుందనేది, డ్రైవ్ తిరిగే ఇరుసునుంచి బార్ ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు ఆ దూరం 30 సెంటీమీటర్లు, నువ్వు గీతలు పెట్టింది 60 సెంటీమీటర్ల మీద. అప్పుడు బార్ 1 మిల్లీమీటరు మారితే నీ కొలత 2 మిల్లీమీటర్లు మారుతుంది. బార్ రెండు చివర్లా ఎదురెదురు మరలు ఉండి, మర అంగుళానికి 16 చుట్లది అయితే, ఒక్క చుట్టుకు పొడవు 3.2 మిల్లీమీటర్లు మారుతుంది. రెండు చుట్లకు 6.4. నీ కొలతలో దాదాపు 13 మిల్లీమీటర్లు, అర అంగుళం! పరీక్షలో మనం ఒకసారికి మార్చేది 2, 3 మిల్లీమీటర్లు. నీ బోటు దూరాలు కొలిచి ఈ లెక్క నువ్వే వేసుకో.

ఎటు తిప్పితే ఎటు పోతుందనేది కూడా ఆ యార్డు ఆయన చెప్పలేదు కదా. బార్ బయట, ఇరుసుకు వెనక ఉంటే, పొట్టి చేస్తే డ్రైవ్‌ల వెనక భాగాలు దగ్గరికి వస్తాయి. అదే బార్ ట్రాన్సమ్ లోపల స్టీరింగ్ చేతులకు, ఇరుసుకు ముందు ఉంటే, పొట్టి చేస్తే వెనక భాగాలు దూరం పోతాయి. పూర్తిగా తలకిందులు. అందుకే "పొట్టి చెయ్" అన్న సలహా బార్ ఎక్కడుందో తెలియకుండా చెప్పే సలహా కాదు.

బార్ సర్దేటప్పుడు బోటు నడిమి గీత కూడా చూసుకో. కీల్ (బోటు అడుగున నడిమి అంచు) కింద నేల మీద దారం లాగి, మేస్త్రీలు గోడకు వాడే గుండు దారంతో పైపుల గీతలను నేల మీదికి దించి సుద్దతో గుర్తు పెట్టు. స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు దారంనుంచి కుడి గుర్తులకు, ఎడమ గుర్తులకు దూరం సమానం ఉండాలి. డ్రైవ్‌లు సమాంతరంగా ఉండి రెండూ ఒకేవైపు తిరిగి ఉంటే, నీకు బోటు లాగుతున్నట్టు అనిపిస్తుంది కానీ నిజానికి స్టీరింగ్ మధ్య తప్పడమే అది. పని అయ్యాక బార్ చివర్లు లోపల కావలసినంత మర పట్టి ఉన్నాయా చూసి లాక్ నట్లు బిగించి, నట్టు మీదనుంచి బార్ మీదికి రంగు గీత గీయి. గీత తెగితే నట్టు వదులైనట్టు దూరంనుంచే తెలుస్తుంది. చివరగా స్టీరింగ్‌ను ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పి, డ్రైవ్‌లను పూర్తిగా ఎత్తి దించి, బార్ గానీ గొట్టాలు గానీ ఎక్కడా రాసుకోవడం లేదని చూడు.

పరీక్ష పొద్దున్నే, గాలి లేవకముందు. వేసవిలో షమాల్ గాలి మొదలైతే అలల్లో ఏ తేడా ఎందుకొచ్చిందో చెప్పలేవు. ట్యాబ్‌లు పైకి, ట్రిమ్ రెండూ ఒకేలా, రెండు ఇంజన్లూ ఒకే ఆర్‌పీఎం. అదే పెట్రోల్, అదే మనుషులు. జీపీఎస్ స్పీడు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తీసి సగటు వేసుకో, లేకపోతే ప్రవాహం లెక్కలోకి వస్తుంది. నువ్వు నడుపుతూ చదవొద్దు, పక్కన ఒకరు రాయాలి. అదే ఆర్‌పీఎంలో స్పీడు పెరిగి, స్టీరింగ్ చేతిలో తేలిగ్గా ఉంటే ఆ మార్పు మంచిది. స్పీడు పెరిగి స్టీరింగ్ అటూఇటూ వెతుకుతున్నట్టు ఉంటే, అది వద్దు, వెనక్కి తెచ్చెయ్. ఒక మైలు ఎక్కువ స్పీడు కోసం బోటును చంచలంగా వదలడం నాకు నచ్చదు, నీ కఫీల్ ఎంత సరదా మనిషైనా సరే. ఒక సీజన్ నడిచాక స్కెగ్ (గేర్‌కేస్ కింది రెక్క), గేర్‌కేస్ పక్కలు చూడు. ఒకే పక్కన రంగు లేచి లోహం కొరికేసినట్టు ఉంటే, నీళ్లు ఆ డ్రైవ్‌కు ఏటవాలుగా తగులుతున్నాయని అర్థం. కుడి డ్రైవ్ కొత్తగా వచ్చింది కాబట్టి దాని పాత మచ్చలు ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకో, తర్వాత వచ్చినవాటితో కలగాపులగం కాకుండా.

నాకు తెలియాల్సినవి నాలుగు: రెండు డ్రైవ్‌ల రేషియో, టై బార్ బయట ఉందా లోపల ఉందా, లూజు వదిలి ఒకసారి, నెట్టి పట్టి ఒకసారి తీసిన ముందు వెనక కొలతలు, ఇంకా బార్‌కు అంటిన గ్రీజు అచ్చు ఫోటో నాలుగు పావులవీ. అవి పంపితే టై బార్ ఎంత తిప్పాలో, అసలు తిప్పాలో వద్దో అప్పుడు చెబుతాను.